12 నిమిషాల ఎంఆర్ఐని నమ్మొచ్చా?

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా మర్రిగూడ మండలం. మా నాయినకు 61 ఏండ్లు. బత్తాయి తోట చూసుకుంటడు. చిన్నప్పటి సంది బోరు నీళ్లు తాగినోడు, ఇప్పుడు మెడ తిరగదు, నడుము వంగదు. ఈ మధ్య కాళ్లు బరువుగ ఉన్నయంటున్నడు. నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలుస్తలేదు. డాక్టరు వెన్ను మొత్తం ఎంఆర్ఐ తీయించమన్నడు. ఒక సెంటర్ల పండబెట్టిన్రు గానీ వెల్లకిల పండలేక, నొప్పికి ఓర్వలేక సగంల బెల్లు ఒత్తి బయటికొచ్చిండు. బొమ్మలు కదిలినయ్, మళ్ల తీయాలె అని రిపోర్టు ఇచ్చిన్రు. పైసలు పోయినయ్. ఇప్పుడు హైదరాబాదుల ఒక సెంటరోళ్లు 'ఏఐ ఎంఆర్ఐ, 12 నిమిషాలల్ల అయిపోతది' అంటున్నరు, కానీ పైసలు ఎక్కువ. మా తమ్ముడేమో 'అది నిజం బొమ్మ కాదు, కంప్యూటరే గీసిస్తది' అంటున్నడు. నాయిన మాత్రం బత్తాయి కోత అయినంక చూద్దామంటడు. తమ్మునికి కూడ కబడ్డీల మోకాలు తిరిగింది, ఇద్దరికీ ఒక్కరోజే తీయిస్తే తగ్గిస్తమన్నరు. ఏం చేయమంటరు?
– ఒక పాఠకురాలు

జవాబు: ఏఐ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. మీరు మధ్యలో మామూలుగా రాసేసిన ఒక మాట ముందు పట్టుకోవాలి. చెప్పు జారిపోయినా తెలియడం లేదన్నారే, అది. పాదం నేల మీద ఎలా ఉందో, చెప్పు ఉందో ఊడిందో మెదడుకు చేరవేసేది వెన్నుపాము. బోరు నీళ్లతో ఏళ్ల తరబడి ఒంట్లో చేరిన ఫ్లోరైడ్ ఎముకను గట్టిపరచడంతో ఆగదు. వెన్నుపూసల్ని కలిపి ఉంచే మెత్తటి పట్టీలు కూడా మెల్లగా ఎముకలా మారతాయి. మెడ తిరగకపోవడం, నడుము వంగకపోవడం దానివల్లే కావచ్చు. ఆ పట్టీల్లో కొన్ని వెన్నుపాము వెళ్లే గొట్టం లోపలి గోడకే అంటుకుని ఉంటాయి. అవి లావెక్కితే గొట్టం ఇరుకై పాము నలుగుతుంది. మీ నాయినకు అదే జరుగుతోందని ఉత్తరం చూసి తేల్చలేను గానీ, మీ డాక్టరు వెన్ను మొత్తం తీయించమన్నది ఆ అనుమానంతోనే అయి ఉంటుంది.

కాబట్టి బత్తాయి కోత దాకా ఆగడం కుదరదు. నలిగిన వెన్నుపాముకు ఆపరేషన్ చేస్తే ముదరడం ఆగుతుంది, కొంత తేరుకోవచ్చు కూడా. కానీ చాలాకాలం నలిగాక పోయిన బలం మొత్తం తిరిగొస్తుందన్న భరోసా ఉండదు. ఈలోపు మూత్రం ఆగిపోయినా, పోతున్నట్టు తెలియకపోయినా, కాళ్లు ఒక్కసారిగా పట్టు తప్పినా స్కాన్ అపాయింట్‌మెంటు కోసం కూర్చోకండి, నేరుగా పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి తీసుకెళ్లండి.

ఇక మీ తమ్ముడి అనుమానం. అందులో కొంత నిజం ఉంది. ఏ కొంతో చెప్పాలంటే ఎంఆర్ఐ అంత సేపు ఎందుకు పడుతుందో తెలియాలి.

ఎంఆర్ఐ యంత్రం ఫొటో తీయదు, వింటుంది. మన ఒంట్లోని నీళ్లలో, కొవ్వులో ఉన్న హైడ్రోజన్ కేంద్రకాలు పెద్ద అయస్కాంతం మధ్య ఒక వరసకు వస్తాయి. వాటిని రేడియో తరంగంతో కదిలిస్తే, తిరిగి సర్దుకుంటూ చిన్న సంకేతం ఇస్తాయి. ఒంటికి ఆనించి పెట్టే కాయిల్స్ ఆ సంకేతాన్ని పట్టుకుంటాయి. ఒకేసారి బొమ్మంతా రాదు. అయస్కాంతాన్ని కొంచెం కొంచెం మారుస్తూ ఒక్కో గీత చొప్పున సమాచారం పోగుచేయాలి, ఒక్కో బొమ్మకు రెండు మూడు వందల గీతలు. మీ నాయిన విన్న ఆ ధనధన మోత ఈ మార్పులదే. ఈ గీతలు పేర్చుకునే చోటిని కె-స్పేస్ అంటారు. అదంతా నిండాక లెక్కగట్టి బొమ్మగా మారుస్తారు. మెడ, వీపు, నడుము కలిపి ఇలా రకరకాల బొమ్మలు తీసేసరికి అరగంట దాటిపోతుంది. మధ్యలో మనిషి కదిలితే ముందు గీతలు ఒక భంగిమవి, వెనక గీతలు ఇంకో భంగిమవి అవుతాయి. బొమ్మలో నీడ మీద నీడ పడుతుంది. మీకు జరిగింది అదే.

త్వరగా ముగించాలంటే కొన్ని గీతలు వదిలేయడమే దారి. ఊరికే వదిలేస్తే బొమ్మ తన మీద తానే మడతపడుతుంది, వీపు కొవ్వు వచ్చి పొట్ట మీద కూర్చున్నట్టు కనిపిస్తుంది. ఆ మడత విప్పడానికి పాతికేళ్లకు పైగా ఏదో ఒక ఉపాయం వాడుతూనే ఉన్నారు. 1999లో సెన్స్ అనే పద్ధతి వచ్చింది. పక్కపక్కనే ఉన్న కాయిల్స్ ఒక్కోటి ఒక్కో వైపు నుంచి వింటాయి కదా, ఆ తేడాను బట్టి మడత విప్పుతారు. 2007లో కంప్రెస్డ్ సెన్సింగ్ వచ్చింది, ఇంకా తక్కువ గీతల నుంచే లెక్కగట్టి బొమ్మ రాబట్టే పద్ధతి. అంటే మీకు సగంలో ఆగిపోయిన 'మామూలు' స్కానులో కూడా కొన్ని గీతలు వదిలేసే ఉంటారు. లెక్కలతో పూరించని ఎంఆర్ఐ ఈరోజుల్లో దాదాపు లేదు. మీ తమ్ముడికి ఈ ముక్క చెప్పండి.

మీ సెంటరు వాళ్లు ఏఐ అంటున్నది డీప్ లెర్నింగ్‌ను, అంటే ఉదాహరణలు చూసి నేర్చుకునే కంప్యూటర్ పద్ధతిని. అది ఇంకో అడుగు వేసింది. పూర్తిగా తీసిన వేల స్కానులు తీసుకుని, వాటిలో గీతలు కావాలని తీసేసి, మిగిలిన వాటితో బొమ్మ కట్టమని నెట్‌వర్కు అనే కంప్యూటర్ ప్రోగ్రాముకు ఇస్తారు. అది కట్టినదాన్ని అసలు బొమ్మతో పోల్చి, ఎక్కడ తప్పిందో దిద్దుతారు. మళ్లీ ఇస్తారు, మళ్లీ దిద్దుతారు. కొన్నాళ్లకు మోకాలి చిప్ప అంచు ఎలా ఉంటుందో, మెదడు మడతలు ఎలా తిరుగుతాయో దానికి ఒంటబడుతుంది. మంచి పద్ధతుల్లో ఇంకో కట్టడి కూడా ఉంది. నెట్‌వర్కు ఒక్కో మెట్టు ఎక్కినప్పుడల్లా, తాను కట్టిన బొమ్మ నిజంగా కొలిచిన గీతలతో సరిపోతోందో లేదో చూసుకోవాలి. సరిపోకపోతే వెనక్కి లాగుతారు. కాబట్టి తెల్లకాగితం మీద ఊహించి గీసే పని కాదు. కొలిచిన గీతల మధ్య ఖాళీలు పూరించే పని.

అయినా పూరించేది పూరించేదే. దూరంగా ఎక్కడో ఒగ్గుకథ నడుస్తోంది, గాలికి మైకు తెగితెగి వినిపిస్తోంది అనుకోండి. మల్లన్న కథ ఎన్నోసార్లు విన్న ముసలమ్మ తెగిన మాటలన్నీ అందించేస్తుంది, దాదాపు తప్పు పోదు. కానీ ఆ రాత్రి కథకుడు నవ్వించడానికి మధ్యలో మీ ఊరి సర్పంచి పేరు ఇరికించాడు, సరిగ్గా అక్కడే మైకు తెగింది. ఆమె పాత మాటే చెబుతుంది. అబద్ధమాడాలని కాదు, ఆమెకు తెలిసిన కథ అది. నెట్‌వర్కుతో ఉన్న భయం కూడా ఇదే. ఎప్పుడూ చూడని చిన్న తేడా, కొలవని గీతల్లో దాక్కుంటే, దాన్ని మామూలుగా మార్చి చూపించే ప్రమాదం ఉంటుంది. లేనిదాన్ని ఉన్నట్టు చూపించే ప్రమాదం కూడా ఉంటుంది.

ఇది నా ఊహ కాదు. 2018లో న్యూయార్క్ యూనివర్సిటీ ఆసుపత్రి వాళ్లు, ఫేస్‌బుక్ పరిశోధకులు కలిసి ఫాస్ట్ఎంఆర్ఐ అని ఒక పని మొదలుపెట్టారు. మోకాలి స్కానుల, తర్వాత మెదడు స్కానుల ముడి సమాచారాన్ని ప్రపంచానికంతా తెరిచి ఇచ్చి, పోటీలు పెట్టారు. నాలుగో వంతు గీతలతో కట్టిన బొమ్మలు బాగా నిలబడ్డాయి. ఎనిమిదో వంతుకు దిగేసరికి సన్నటి వివరాలు కరిగిపోవడం మొదలైంది. 2020 పోటీలోనైతే కొన్ని నెట్‌వర్కులు అసలు బొమ్మలో లేని ఆకారాలను పుట్టించాయని పోటీ పెట్టినవాళ్లే రాసుకున్నారు. అదే ఏడాది వాళ్లు ఇంకో పరీక్ష కూడా చేశారు. 108 మంది మోకాళ్లను మామూలు పద్ధతిలోనూ, నాలుగో వంతు గీతలతోనూ కట్టి, ఆరుగురు రేడియాలజిస్టులకు, అంటే స్కాన్ బొమ్మలు చదివే డాక్టర్లకు చూపించారు. ఏ బొమ్మ చూసినా వాళ్లు చెప్పిన జబ్బులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2023లో మరో 170 మందిని నిజంగానే వేగంగా స్కాన్ చేసి చూస్తే సమయం దాదాపు సగానికి తగ్గింది, నాణ్యత తగ్గలేదు.

నాలుగో వంతు గీతలంటే నాలుగో వంతు సమయం కాదా అని మీకు అనిపించొచ్చు. పాత పద్ధతి కూడా సగం దాకా గీతలు వదిలేస్తూనే ఉంది కదా, అందుకే నిజంగా మిగిలేది సగం. బోర్డుల మీద 'పది రెట్ల వేగం' అని కనిపిస్తే ఈ లెక్క గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు మీ నాయిన దగ్గరికి వద్దాం. ఆయన వెన్ను ఈ నెట్‌వర్కులకు అలవాటైన వెన్ను కాదు. ఫాస్ట్ఎంఆర్ఐ వాళ్లు మొదట తెరిచిచ్చినవి న్యూయార్క్ మోకాళ్లు, మెదళ్లు. అమ్మే యంత్రాల్లోని నెట్‌వర్కులు వెన్నుల మీద కూడా నేర్చుకుని ఉంటాయి గానీ, ఫ్లోరైడ్ పట్టిన వెన్ను ప్రపంచంలో అన్నిచోట్లా దొరికేది కాదు. మనకేమో మర్రిగూడ, మునుగోడు దిక్కున ఏ ఊరికెళ్లినా కనిపిస్తుంది. కృష్ణా నీళ్లు నల్లాలో వచ్చినా, అంతకుముందు ఎముకలో చేరింది అంత తేలిగ్గా పోదు.

మరి వద్దంటానా? అనను, తీయించమనే అంటాను. కారణం కె-స్పేస్‌లోనే ఉంది. అందులో నడిమి గీతలు పెద్ద ఆకారాలను, నలుపు తెలుపు తేడాను మోస్తాయి. అంచు గీతలు సన్నటి అంచులను, చిన్న వివరాలను మోస్తాయి. వేగంగా తీసేటప్పుడు నడిమి గీతలను వదలరు, పూర్తిగా కొలుస్తారు. వదిలేవి ఎక్కువగా అంచువి. మీ నాయిన విషయంలో డాక్టరుకు కావాల్సిన మొదటి జవాబు పెద్దది: వెన్నుపాము నలుగుతోందా, నలిగితే ఏ పూస దగ్గర, పాములో వాపు మచ్చ వచ్చిందా? వాటిలో ఎక్కువ భాగం కొలిచిన గీతల్లోనే ఉంటుంది, పూరించిన దాంట్లో కాదు. ఇక్కడ ఇంకో లెక్క కూడా వేసుకోవాలి. ఆయన అరగంట కదలకుండా పండలేడని మీరు ఒకసారి చూసేశారు. కదిలిన అరగంట బొమ్మ కన్నా, కదలని పన్నెండు నిమిషాల బొమ్మలో నిజం ఎక్కువ. రోజూ ఈ బొమ్మలే చూసే రేడియాలజిస్టుగా, నా ముందు ఏది పెట్టమంటారని అడిగితే, కదలనిదే పెట్టమంటాను.

ఒక్కటి మాత్రం తెలుసుకోండి. ఎముకగా మారిన పట్టీలు ఎంఆర్ఐలో నల్లగా కనిపిస్తాయి, చుట్టూ ఉన్న మిగతా నల్లటివాటి నుంచి విడదీసి చూడటం కష్టం. అది ఏఐ తప్పు కాదు, ఎంఆర్ఐ స్వభావమే అంత. ఆ ఎముక ఎంత మందం ఉంది, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఉంది అనేది ఎక్స్‌రేలతో తీసే సీటీ స్కాన్‌లో బాగా తెలుస్తుంది. ఎంఆర్ఐ తర్వాత సర్జన్ సీటీ కూడా తీయించమంటే, 'అంత ఖర్చుపెట్టి ఏఐది తీయిస్తిమి, మళ్లీ ఇదేంది' అని గొడవపడకండి.

సెంటరుకు ఫోన్ చేసినప్పుడు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. వాళ్ల ఏఐ బొమ్మ కట్టేదా, రిపోర్టు రాసేదా? రెండూ వేరు, కానీ బోర్డు మీద రెండింటికీ ఏఐ అనే రాస్తారు. బొమ్మ కట్టేదైతే పేరు చెప్పగలగాలి: జీఈ యంత్రమైతే ఎయిర్ రీకాన్ డీఎల్, సీమెన్స్‌ది అయితే డీప్ రిజాల్వ్, ఫిలిప్స్‌ది అయితే స్మార్ట్‌స్పీడ్. ఫోనెత్తిన అమ్మాయికి తెలియకపోతే టెక్నీషియన్‌ను అడగండి, ఆయనకు తప్పకుండా తెలుస్తుంది. బొమ్మలు చదివే రేడియాలజిస్టు ఆ సమయానికి అక్కడ ఉంటారా, అనుమానం వస్తే ఆ ఒక్క బొమ్మను అప్పుడే పాత పద్ధతిలో మళ్లీ తీస్తారా అని కూడా అడగండి. నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన ప్రశ్న ఇదే. 'తీస్తాం' అంటే వెళ్లండి. 'మా ఏఐలో అనుమానాలు రావు' అంటే ఇంకో చోటు చూసుకోండి. అయస్కాంతం బలాన్ని టెస్లాల్లో చెబుతారు; 1.5 టెస్లా యంత్రం సరిపోతుంది, మూడు టెస్లా ఉందని ఎక్కువ ఇవ్వక్కర్లేదు. ఎక్కువ డబ్బు సంగతంటారా, స్కాన్ సగం సమయంలో అయిపోతే రోజుకు ఎక్కువమందిని చూసుకునేది సెంటరు వాళ్లే. ఆ లాభంలో భాగం మీకు రావాలి గానీ మీ మీద బరువు పడటమెందుకు? మొహమాటం లేకుండా బేరమాడండి.

స్లిప్పులో 'నడుము నొప్పి' అని రాసి ఇచ్చి ఊరుకోవద్దు. ఫ్లోరైడ్ ఊరు, మెడ తిరగదు, చెప్పు జారినా తెలియదు, వెల్లకిలా పండలేడు: ఈ నాలుగు ముక్కలు మీరే నోటితో చెప్పండి. అది తెలిసిన రేడియాలజిస్టు చూసే చూపు వేరుగా ఉంటుంది. టెక్నీషియన్ కూడా ముందే సర్దుకుంటాడు. మోకాళ్ల కింద ఎత్తు దిండు, వంగిపోయిన వీపుకు తగ్గట్టు తల కింద, భుజాల కింద స్పాంజి మెత్తలు పెడితే అంతకుముందు పండలేనివాళ్లు కూడా పండగలుగుతారు. పోయినసారి అది జరగలేదేమోనని నా అనుమానం. వెన్ను మొత్తం పక్క నుంచి చూపించే టీ2 బొమ్మలు (నీరు తెల్లగా కనిపించే రకం) ముందు తీయమని అడగండి. తర్వాత ఆయన ఓర్వలేకపోయినా, ముఖ్యమైనది చేతికొచ్చి ఉంటుంది. గొట్టం వెడల్పు 70 సెంటీమీటర్లు ఉన్న యంత్రమైతే 60 ఉన్నదానికన్నా ఊపిరాడినట్టు ఉంటుంది.

వెళ్లేముందు నొప్పి మాత్ర ఏది, ఎప్పుడు వేయాలో మీ డాక్టరునే అడగండి. మత్తు ఇచ్చి తీద్దామని ఎవరైనా అంటే, మత్తు డాక్టరు పక్కనే ఉంటేనే ఒప్పుకోండి. మెడ తిరగని మనిషికి ఊపిరి ఇబ్బంది వస్తే గొంతులో గొట్టం వేయడం తేలిక కాదు. లోపలికి వెళ్లే ముందు ఒంటికి పోయించండి. వెండి మొలతాడు, రాగి కడియం, తాయెత్తు, చెవి పోగులు, జేబులో చిల్లర, లైటరు అన్నీ తీసేయాల్సిందే. మొలతాడు తీయనని పెద్దవాళ్లు మొండికేస్తారు, ఇంట్లోనే తీసి దాచిపెట్టండి. ఒంట్లో పేస్‌మేకర్ గానీ, పాత ఆపరేషన్‌లో వేసిన లోహం గానీ, కంట్లో ఎప్పుడైనా పడ్డ ఇనుప రజను గానీ ఉంటే తప్పకుండా చెప్పాలి. చెవుల్లో దూది కాదు, సెంటరు వాళ్లిచ్చే ఇయర్‌ప్లగ్గులు పెట్టించండి. మోత మొదలైనప్పుడు 'ఇది నాలుగు నిమిషాలు', 'ఇది రెండు' అని మైకులో చెప్పమని టెక్నీషియన్‌ను అడగండి. ఎంతసేపో తెలిస్తే మనిషి ఓర్చుకుంటాడు.

రిపోర్టు, ఫిల్ములతో పాటు సీడీ గానీ పెన్‌డ్రైవు గానీ తప్పకుండా తీసుకోండి. ఏ పద్ధతిలో, ఎంత సేపట్లో తీశారో ఆ ఫైళ్లలో చాలావరకు ఉంటుంది, సర్జన్ తన కంప్యూటర్‌లో పెద్దది చేసి చూసుకుంటాడు. పాడైన మొదటి స్కాన్ సీడీ కూడా పారేయకండి, తీసుకెళ్లండి. కదిలినా అందులో ఒకటి రెండు బొమ్మలు పనికొచ్చేవి ఉండొచ్చు, కొత్తదానితో పోల్చుకోవడానికి ఉపయోగపడతాయి. నిమ్స్‌కు వెళ్లినా, ఇంకెక్కడికి వెళ్లినా 'ఏఐ స్కాన్ మేం చూడం' అని న్యూరోసర్జన్ అనడు. ఆయనకు కావాల్సింది పాము ఎక్కడ నలిగిందో తెలిసే బొమ్మ.

మీ తమ్ముడికి ఒక మాట: వేగం స్కానులను బాగా పరీక్షించి చూసిన చోట్లలో మోకాలు ఒకటి. కాబట్టి ఆయన భయం లేకుండా పండొచ్చు. కాకపోతే తిరిగిన మోకాలికి ముందు ఎముకల డాక్టరు చెయ్యి పడాలి, ఆయన రాస్తేనే స్కాన్. అది వారం ఆగినా ఏం కాదు. తగ్గింపు కోసం ఇద్దరికీ ఒకేరోజు పెట్టుకోవద్దు. ఆ రోజు నాయిన బట్టలు మార్చడానికి, ఎత్తి బల్ల మీద పండబెట్టడానికి, ఒంటి మీద లోహమేదీ లేకుండా చూసుకుని లోపల కాళ్ల దగ్గర నిలబడటానికి తమ్ముడు కావాలి. అలా ఒకరిని లోపలికి రానిస్తారా అని కూడా ఫోన్‌లోనే అడిగేయండి.